దిగిపోయే ముందు సర్వేయరు ఏం అప్పగించాలి?

మీరు అడిగింది మిగతావాళ్లకీ తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు భీమవరం వైపు మండల సర్వేయరు, వచ్చే ఏడాదికి 62 నిండుతున్నాయి. కుర్రతనంలో మీతో కలిసి కొలత గొలుసు పట్టిన సర్వేయర్లు ఎవరు ఎక్కడున్నారో తెలియడం లేదు. అందర్నీ ఒకసారి ఒకచోట కలపాలని ఉంది, కానీ అందులో ఒకాయనకీ మీకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. రిటైరయ్యాక ప్రైవేటుగా కొలతలకి రమ్మని ఇప్పట్నుంచే అడుగుతున్నారు, ఒప్పుకోవాలా వద్దా అని టెన్షన్. ఇంట్లో ట్రంకు పెట్టె నిండా పాత నోటుపుస్తకాలు, స్కెచ్చులు ఉన్నాయి, వాటిని ఏం చేయాలో తోచడం లేదు.

నేను కోనసీమలో పనిచేసి దిగిపోయినవాణ్ణండి. మా తరాన్ని 58 నిండగానే ఇంటికి పంపారు. ఆ వయసు 2014లో 60 అయింది, 2022లో 62 అయింది. మీకు ఆ అదనపు ఏళ్లు దొరికాయి, సరిగ్గా ఆ ఏళ్లలోనే డ్రోన్లూ, ఉపగ్రహాల సాయంతో చోటు కొలిచే రోవర్లూ, భూముల్ని మళ్లీ కొలిచే రీసర్వే అన్నీ వచ్చాయి. గొలుసు లాగిన చేత్తోనే రోవరు పట్టుకున్న సర్వేయర్లు మీ బ్యాచ్‌తో సరి. మీ వెనక వచ్చినవాళ్లలో గొలుసుని కళ్లతో చూసినవాళ్లే అరుదు. మాకు కొత్త పని తెలీదు, వాళ్లకి పాత పని తెలీదు, రెండూ తెలిసినవాళ్లు మీరొక్కరే. అందుకని నేను చెప్పేది ఒక్కటే. కలవండి, తప్పకుండా కలవండి, అయితే శాలువాలు కప్పుకుని ఫోటో దిగి భోజనం చేసి లేచిపోయే కలయిక పెట్టకండి. మీ అందరి బుర్రల్లో ఉండి ఏ రికార్డులోనూ లేని సంగతులు చాలా ఉన్నాయి, వాటిని ఊరి వారీగా పోగుచేసి ఇప్పటి గ్రామ సర్వేయర్ల చేతిలో పెట్టి అప్పుడు దిగండి. ప్రైవేటు పనుల సంగతీ, ట్రంకు పెట్టె సంగతీ దీని వెంటే తేలిపోతాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఇలాంటి నష్టం ఒకసారి మన కళ్ల ముందే జరిగింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. రద్దు చేయడం తప్పని నేను అనను, ఊరి మీద వాళ్ల పెత్తనం ఎలా ఉండేదో పల్లెల్లో పుట్టినవాళ్లకి తెలుసు. కానీ వాళ్ల దగ్గర లెక్కల పుస్తకాలు స్వాధీనం చేసుకున్నారే గానీ వాళ్లకి తెలిసినవి కూర్చోబెట్టి అడిగి రాసుకున్నవాళ్లు లేరు. ఏ బోదె (చేలోకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) ఎప్పుడు పూడ్చేశారు, ఏ పుంత (చేలకి పోయే బండ్ల దారి) ఎవరు చేలో కలిపేసుకున్నారు, కాలువ వంపు సరిచేసినప్పుడు ఏ సర్వే నంబరు రెండు ముక్కలైంది, ఇదంతా వాళ్లతోనే పోయింది. ఆ తర్వాత ఎన్నో తగాదాల్లో కాగితం ఒకటి చెప్పేది, నేల ఇంకోటి చెప్పేది, రెండిటికీ మధ్య ఏం జరిగిందో చెప్పే మనిషి ఉండేవాడు కాదు. ఇప్పుడు మీరు దిగిపోతే సరిగ్గా అదే రెండోసారి జరుగుతుంది.

కుర్రవాళ్లకి ఏం తెలియదో ఒకటి రెండు చెబుతాను, మీకు తెలిసినవే, కానీ వీటిని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

మన గంటర్ గొలుసు 66 అడుగులు, నూరు లింకులు, లింకుకి 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఇంతవరకు పుస్తకంలో దొరుకుతుంది. గొలుసు మీద పది లింకులకోసారి వేలాడే ఇత్తడి బిళ్లల సంగతి మాత్రం చేత్తో పట్టుకున్నవాడికే గుర్తుంటుంది. పది దగ్గర ఒక పన్ను ఉన్న బిళ్ల, ఇరవై దగ్గర రెండు పళ్లది, ముప్ఫైకి మూడు, నలభైకి నాలుగు, యాభై దగ్గర గుండ్రటి బిళ్ల. అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి దిగుతుంది, అరవైకి నాలుగు, డెబ్భైకి మూడు, అలా. గొలుసుని ఏ కొసనుంచైనా వాడుకోవడానికి అలా చేశారు. దానివల్ల నలభై బిళ్లా అరవై బిళ్లా ఒకేలా ఉంటాయి. ఎండలో తల తిరుగుతున్న వేళ గుండ్రటి బిళ్లకి ఇవతలున్నామా అవతలున్నామా చూసుకోకపోతే 340 రాయాల్సింది 360 అవుతుంది. తేడా ఇరవై లింకులు, అంటే పదమూడు అడుగులు. బ్రిటిష్ కాలం నాటి స్కెచ్చుల్లో ఆ పొరపాటు అక్కడక్కడా అలాగే ఉండిపోయింది.

ఈ సంగతి తెలిసిన సర్వేయరు కొలత సరిగ్గా పదమూడు అడుగులు తప్పితే వెంటనే నలభై–అరవై అనుమానిస్తాడు. పక్క సర్వే నంబరు స్కెచ్ తీసి అదే రాయికి ఇంకో గీత మీంచి లంబంగా వేసిన కొలత, అంటే ఆఫ్‌సెట్ చూస్తాడు, ఆర్.ఎస్.ఆర్.లో (ఊరి భూముల విస్తీర్ణాలు రాసిన పాత రిజిస్టరు) ఉన్న విస్తీర్ణంతో లెక్క కట్టి సరిచూస్తాడు, అరగంటలో తేల్చేస్తాడు. తెలియని కుర్రాడు ఏం చేస్తాడండీ, పక్కరైతు పదమూడు అడుగులు ఆక్రమించాడని రిపోర్టు రాస్తాడు. రెండు కుటుంబాలు ఒక తరంపాటు కోర్టు చుట్టూ తిరుగుతాయి. కుర్రాడి తప్పు కాదది, అతనికి చెప్పినవాడు లేడు.

ఇంకోటి, లింకుల్ని మీటర్లలోకి మార్చడం. గంటర్ గొలుసు 20.1168 మీటర్లు. మెట్రిక్ గొలుసుల్లో ఇరవై మీటర్లది ఒకటి ఉంది. రెండూ దాదాపు ఒకటే కదా అని నూరు లింకుల్ని ఇరవై మీటర్లుగా వేసుకునేవాళ్లు ఉన్నారు. ఒక గొలుసుకి పన్నెండు సెంటీమీటర్ల దాకా పోతుంది. పది గొలుసుల గీత మీద 1.17 మీటర్లు పోతుంది, అంటే నాలుగడుగులకి కాస్త తక్కువ. డెల్టాలో సెంటు భూమి ధర ఎంతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, నాలుగడుగుల వెడల్పున పొడుగూతా గట్టు జరిగితే అన్నదమ్ములే పలకరించుకోరు.

ఇక రాళ్లు. మెట్టలో పనిచేసినవాళ్లకి ఇది తట్టదు గానీ, మన డెల్టా అంతా గోదావరి మోసుకొచ్చి పరిచిన ఒండ్రు, ఇక్కడ రాయి పుట్టదు. చేలో గునపం దింపితే ఎంతసేపూ మట్టే. కాబట్టి హద్దు ఉండాల్సిన చోట గునపం కొసకి ఖంగుమని ఏదైనా తగిలిందంటే, అది ఎవరో ఎడ్లబండి మీద తెచ్చి పాతిన రాయి అయ్యే అవకాశమే ఎక్కువ. అదే కారణంగా మన దగ్గర రాళ్లు ఎక్కువగా మాయమయ్యాయి కూడా. రాయి దొరకని ఊళ్లో నున్నటి పొడుగు రాయి కనిపిస్తే కాలువ రేవులో బట్టలుతికే బండ అవుతుంది, గుమ్మం ముందు మెట్టు అవుతుంది. లంక గ్రామాల్లో (నది పాయల మధ్య ఊళ్లలో) అయితే వరద వచ్చినప్పుడల్లా కొంత మట్టి పేరుకుంటుంది, 1986 వరద లాంటిది వచ్చాక అప్పటిదాకా పైకి కనిపించిన రాళ్లు కొన్నిచోట్ల మళ్లీ కనిపించలేదు. అవి పోలేదు, కింద ఉన్నాయి. ఎంత కింద, ఏ వైపు ఒరిగి, అది చూసినవాడికే తెలుసు.

దీనికంటే పెద్ద దెబ్బ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. మీ భీమవరం వైపు నాకన్నా మీకే బాగా తెలుసు. సర్వే నంబర్లు నాలుగైదు కలిపి ఒకే చెరువుగా తవ్వేశారు, మధ్య గట్లన్నీ పోయాయి, చుట్టూ కొత్త గట్టు హద్దు మీద కాకుండా పొక్లెయిన్‌కి వీలైన చోట వచ్చింది. ఇప్పుడు రోవరు తీసుకెళ్లి ఆ గట్టు మీద పెడితే సెంటీమీటర్ల కచ్చితత్వంతో తప్పు హద్దు వస్తుంది. యంత్రం తప్పు కాదు, మనం చూపించిన చోటుని అది కొలిచింది.

ఈమధ్య ఒక ఎండాకాలం వశిష్ఠ పాయ పక్కన ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే ట్రైజంక్షన్ రాయి దొరకడం లేదు. గ్రామ సర్వేయరు అమ్మాయి, చాలా శ్రద్ధ గలది, గ్రామపటం ప్రకారం లెక్క కట్టిన చోట చెరువు గట్టు ఉంది, రాయి లేదు. ఎవరో నా పేరు చెబితే ఫోన్ చేసింది. నాకా ఊరు అంత బాగా తెలీదు, మాతో పనిచేసిన, గొలుసు లాగే చైన్‌మన్ ఒకాయన ఆ పక్క ఊళ్లోనే ఉంటాడని గుర్తొచ్చి ఆయన్ని బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. ఆయనకి చూపు సరిగా ఆనదు. గట్టు మీద నిలబడి తూము ఎటుంది, మురుగు కాలువ మీద పాత వంతెన ఎటుంది అని అడిగాడు. మేము చేత్తో చూపించాం. గట్టు కిందికి దిగి కొంచెం ఉత్తరానికి జరిగి ఇక్కడ గునపం వేయండన్నాడు. చెరువు తవ్విన రైతు రాయిని పీకలేదట, పొలిమేర రాయి పీకితే పాపమని భయపడి దానిమీద మట్టి పోసి గట్టు కలిపేశాడట, ఈయన ఆ రోజు అక్కడే కూలికి ఉన్నాడు. మొల లోతు తవ్వేసరికి రాయి తలమీద గంటు కనిపించింది. ఆ అమ్మాయి రోవరు పెట్టింది, అది లెక్క కట్టిన చోటికీ దీనికీ జానెడు తేడా కూడా లేదు. మొదట వెతికినప్పుడు గట్టు నడుమ చూసింది, రాయి గట్టు వాలులో ఉంది.

దీన్నిబట్టి మీకు నేను పట్టుబట్టి చెప్పేది ఏమిటంటే, సర్వేయర్ల కలయిక అని పేరుపెట్టి చైన్‌మన్లని వదిలేయకండి. మొదటి ఫోన్ వాళ్లకే చేయండి. మనం గొడుగు కింద నిలబడి పుస్తకంలో రాసుకున్నాం, బురదలో దిగి గొలుసు లాగిందీ, రాయి పాతిందీ, పాతినచోట పక్కన తాడిచెట్టుందో తుమ్మ ఉందో గమనించిందీ వాళ్లు. మనకి బదిలీలయ్యాయి, చాలామంది చైన్‌మన్లు ఏళ్ల తరబడి అదే ఊళ్ల చుట్టూ తిరిగారు. వాళ్లలో ఎక్కువమంది మనకంటే ముందే ఆరోగ్యం పోగొట్టుకున్నారు, పెన్షన్ కూడా తక్కువ. వాళ్లని రమ్మంటే బస్సు ఖర్చు మీరు పెట్టుకోండి, కుర్చీ ముందు వరసలో వేయండి. అసలు మీరు వాళ్ల ఇంటికి వెళ్లడమే మంచిది.

మనుషుల్ని పట్టుకోవడం అంత కష్టం కాదండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లో ట్రెజరీ దగ్గర ఉదయం పూట కూర్చోండి, పాతవాళ్లు సగం మంది అక్కడే తగులుతారు, తగిలినవాళ్లు మిగతావాళ్ల జాడ చెబుతారు. 2022లో జిల్లాలు విడిపోయాక ఏలూరు, భీమవరం, అమలాపురం, కాకినాడ, రాజమండ్రి అని చెదిరిపోయాం గానీ, సర్వీసులో చేరినప్పుడు ఉన్నవి రెండే జిల్లాలు కదా, సీనియారిటీ లిస్టు అప్పటిది ఎవరి దగ్గరైనా ఉంటే పేర్లన్నీ ఒకే కాగితం మీద దొరుకుతాయి. పెన్షనర్ల సంఘాల వాళ్లూ సాయం చేస్తారు. పోయినవాళ్ల ఇళ్లకి కూడా కబురు పెట్టండి. భార్యో కొడుకో వస్తారు, ఆయన డైరీలు ఇంట్లో ఉన్నాయని చెబుతారు, ఏ పాతసామాన్ల వాడికో వేసేముందు అవి మీ కంట పడాలి.

మాటల్లేని ఆయన సంగతి. మీరు రాసినదాన్నిబట్టి అప్పీలులో మీ కొలత తప్పని ఆయన రాశారు, మీకు మెమో వచ్చింది, అప్పట్నుంచీ ఎడమొహం పెడమొహం. చాలా ఇళ్లలో ఉన్న కథే ఇది, మన పనిలో ఒకరి కొలతని ఇంకొకరు సరిచూడటం రూలులోనే ఉంది, అది మనసుకి తీసుకున్నవాళ్లం మనం. ఆయనకి ఫోన్ చేయకండి, ఫోన్‌లో ఇలాంటివి తెగవు. ఇంటికి వెళ్లండి. వెళ్లి పాత ఫైలు ఎత్తకండి, ఎవరిది ఒప్పో తేల్చుకునే మాట అసలొద్దు. ఆయన పనిచేసిన ఏదో ఒక ఊరి పేరెత్తి, ఫలానా ఊరి పడమటి పొలిమేర రాళ్లు మీరే కదా వేయించింది, ఇప్పుడవి ఎక్కడెక్కడ మిగిలాయో మీకు గుర్తుందా, కుర్రవాళ్లకి కావాలి అని అడగండి. నలభై ఏళ్లు ఈ పని చేసిన మనిషి ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండలేడు. చెప్పడం మొదలుపెడితే కాగితం మీద గీత గీస్తాడు, గీత గీసేటప్పుడు మీరు పక్కన కూర్చుంటారు. అంతకన్నా ఎక్కువ రాజీ మాటలు అక్కర్లేదని నాకు అనిపిస్తుంది. వినకపోతే వినలేదు, మీరు వెళ్లిన మాట ఆయనకి గుర్తుంటుంది.

కలిసిన రోజు ఏం చేయాలంటే, ఊరికో గ్రామపటం నకలు పెద్దగా తీయించి బల్లల మీద పరవండి. ఏ బల్ల దగ్గర ఆ ఊళ్లో పనిచేసినవాళ్లు, వాళ్ల పక్కన ఇప్పటి గ్రామ సర్వేయరు. 2019 అక్టోబరులో మన కరపలోనే గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి కదా, ఆ తర్వాత చేరిన పిల్లలు వీళ్లంతా, చదువుకున్నవాళ్లు, అడిగితే సంతోషంగా వస్తారు. పెద్దవాళ్లు చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి, పటం మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోమనండి. రాయి ఉంది అని ఊరికే చెబితే చాలదు, కదలని వస్తువుల నుంచి కొలత కావాలి. చెట్టు లెక్కలోకి రాదు, రోడ్డు వెడల్పు చేస్తే పోతుంది. మన దగ్గర కదలనివి లాకులు, పాత తూములు, రైలు వంతెనలు, గుడి ధ్వజస్తంభం. మూడింటి నుంచి దూరం ఉంటే రాయి పోయినా చోటు దొరుకుతుంది. తర్వాత ఆ పిల్లలు వాళ్ల రోవరుతో వెళ్లి సరిచూసుకుంటారు, మన మాట వేదం కాదు, జ్ఞాపకం కూడా జారుతుంది, సరిచూడకుండా దేన్నీ రికార్డులో ఎక్కించొద్దని మీరే వాళ్లకి చెప్పండి.

కోనసీమ పిల్లలకి ఇంకో మాట అవసరం. కొబ్బరితోటల కింద రోవరుకి ఉపగ్రహాలు సరిగ్గా అందవు, మట్టలకి తగిలి సిగ్నల్ పక్కదారి పడుతుంది, తెర మీద కొలత వచ్చేస్తుంది గానీ అది నమ్మదగింది కాదు. డ్రోనుకి పైనుంచి ఆకులే కనిపిస్తాయి, గట్టు కనిపించదు. తోట బయట ఆరుబయట రెండు పాయింట్లు పెట్టుకుని అక్కణ్ణుంచి కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్‌తో లోపలికి రావాల్సిందే. ఆ లోపలికి వచ్చే పద్ధతి, గీత వేసుకుని ఆఫ్‌సెట్ తీసే పద్ధతి, మనం లంబం చూసుకునే క్రాస్ స్టాఫ్‌తో చేసినదే. ఇది పాతవాళ్లూ కొత్తవాళ్లూ పక్కపక్కన నిలబడి ఒక పూట చేసి చూస్తే చాలు, ఇద్దరికీ అర్థమవుతుంది.

మీ వైపు కొల్లేరు ఉంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చెరువుల గట్లు కొట్టించారు, అప్పుడు అభయారణ్యం హద్దుగా సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున కాంటూరు గీత ఎక్కడ పోతుందో నేల మీద చూపించింది సర్వే వాళ్లే. ఆ రోజుల్లో ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ పట్టుకుని తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లని ప్రత్యేకంగా పిలవండి. ఆ గీత మీద తగాదా ఇప్పట్లో తెగేది కాదు.

ఇప్పుడు ప్రైవేటు పని. లైసెన్సు తీసుకుని చేసుకోవడంలో తప్పేమీ లేదు, ఒంట్లో శక్తి ఉంటే, ఇంట్లో అవసరం ఉంటే చేసుకోండి. కానీ మీరు డ్యూటీలో ఉండగా కొలిచిన ఊళ్లలో మాత్రం ఒప్పుకోకండి, ఇది నా గట్టి సలహా. మిమ్మల్ని అక్కడికి పిలిచేవాడు కొలత కోసం పిలవడు, మీ పేరు కోసం పిలుస్తాడు. ‘ఆయనే అప్పట్లో సర్వేయరు, ఆయనే చెప్పాడు’ అని పక్కరైతు మీద వాడతాడు. మీ మాటకి ఊళ్లో బరువు ఉంటుంది, చట్టంలో బరువు ఉండదు. 1923 సర్వే, సరిహద్దుల చట్టం కింద హద్దు తేల్చే అధికారం సర్వే అధికారిది. పక్కవాళ్లకి నోటీసు ఇచ్చి అందరి ఎదుటా కొలవాలి, నచ్చనివాళ్లు అప్పీలు చేసుకోవాలి, నోటిఫికేషన్ అయ్యాక మూడేళ్లలో సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు. ఈ దారి కాకుండా మీరిచ్చే స్కెచ్ ఆ రైతుకి ధైర్యం ఇస్తుంది గానీ హక్కు ఇవ్వదు. వాడు ఆ ధైర్యంతో గట్టు జరిపితే గొడవ మీ పేరు మీద మొదలవుతుంది. అలా వచ్చినవాళ్లని హద్దు కొలిచి చూపమని ఎఫ్-లైన్ పిటిషన్ పెట్టుకోమని సచివాలయానికి పంపండి, కొలిచే రోజు అక్కడ ఉండమని సర్వేయరు కోరితే వెళ్లి నిలబడండి, రాయి సంగతి తెలిస్తే ఇరువైపులా వినేలా చెప్పండి, డబ్బు మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకండి. కోర్టు సమన్లు ఇస్తే వెళ్లి రికార్డు చూసి మాట్లాడండి. మీకు సంబంధం లేని మండలాల్లో లేఅవుట్లు, చెరువుల కొలతలు, ఇళ్ల స్థలాల పని కావలసినంత ఉంది, అక్కడ చేసుకోండి.

ట్రంకు పెట్టె ముందు కూర్చుని రెండు కుప్పలు చేయండి. ఆఫీసు ముద్ర ఉన్నవీ, ఎఫ్.ఎం.బి. (సర్వే నంబర్ల కొలతలూ స్కెచ్చులూ ఉండే పుస్తకం) అసలు కాగితాలూ, ఏ కారణం చేతనో మీ దగ్గర ఉండిపోయిన ఏ ప్రభుత్వ రికార్డైనా ఒక కుప్ప. ఇవి సర్వీసులో ఉండగానే, లెటరు రాసి, అందినట్టు సంతకం తీసుకుని ఆఫీసుకి అప్పగించండి. రిటైరయ్యాక అవి ఇంట్లో దొరికితే ఎందుకున్నాయో చెప్పుకోవడం కష్టం, అంతకన్నా ముఖ్యం, ఆఫీసులో ఆ పేజీ లేక ఎవరో రైతు తిరుగుతూ ఉండొచ్చు. రెండో కుప్ప మీ సొంత డైరీలు, చిత్తు లెక్కలు. వాటిని పారేయకండి, అలాగని కట్టగట్టి ఎవరికీ ఇచ్చేయకండి, మీ చేతిరాత, మీ పొట్టి గుర్తులు మీకు తప్ప అర్థం కావు. ఊరికో పుస్తకం పెట్టి శుభ్రంగా తిరిగి రాయండి. రోజుకి ఒక సర్వే నంబరు చాలు. ఎవరి గురించి ఎవరేం చెప్పారు, ఎవరు లంచమివ్వబోయారు లాంటివి రాయొద్దు, రాయీ గట్టూ బోదే పుంతా ఇవే రాయండి. సొంత గొలుసు, క్రాస్ స్టాఫ్ ఉంటే కలయిక రోజు తీసుకురండి, పిల్లల చేత ఒకసారి లాగించండి, ఆ బిళ్లలు చేత్తో పట్టుకుని లెక్కపెడితే నేను పైన చెప్పిన నలభై–అరవై సంగతి మళ్లీ చెప్పనక్కర్లేదు.

చోటు అడిగితే నేను ధవళేశ్వరం అంటాను. రెండు పాత జిల్లాల వాళ్లకీ మధ్యలో ఉంటుంది, కాటన్ మ్యూజియం ఉంది. 1847 నుంచి 1852 దాకా ఆ ఆనకట్ట కట్టి ఇంత చదునైన నేలకి కాలువలతో నీళ్లు పారించారంటే లెవెల్ పట్టినవాళ్ల పనితనం ఎంతటిదో కుర్రవాళ్లకి అక్కడ నిలబడి చెబితే బాగా ఎక్కుతుంది. ఆత్రేయపురం దగ్గరే కాబట్టి పూతరేకుల సంగతి మీరు చూసుకోండి, షుగర్ ఉన్నవాళ్లకి వేరేగా ఏదైనా పెట్టించండి, మనలో వాళ్లే ఎక్కువ.

సమయం మాత్రం వాయిదా వేయకండి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యి, కాలువలు కట్టేసి, చేలు ఎండి ఉండే ఏప్రిల్ చివర్నుంచి మే దాకానే పొలంలో రాళ్లు వెతకడం కుదురుతుంది, జూన్‌లో నీళ్లు వదిలి సార్వా (తొలి పంట) దమ్ములు మొదలయ్యాయంటే మళ్లీ ఏడాది ఆగాలి. అందుకని కలయిక మార్చిలో పెట్టండి, ఎవరు ఏ ఊరికి వెళ్లాలో ఆ రోజే తేల్చుకోండి. పెద్దవాళ్లని తెల్లారి ఆరింటికి తీసుకెళ్లి తొమ్మిదిన్నరకల్లా ఇంటికి చేర్చండి, ఎండలో ఉంచకండి, మందులు వేసుకున్నారో లేదో అడగండి. కోనసీమ ఊళ్ల బల్ల దగ్గర కూర్చోవడానికి నేను వస్తాను. మాతో పనిచేసిన చైన్‌మన్లలో నడవగలిగినవాళ్లని వెంటబెట్టుకొస్తాను. తేదీ అనుకున్నాక ఇక్కడే ఒక ముక్క రాయండి.